ముందు ఒడ్డున కూర్చోండి

మంగళవారమో శనివారమో కొండగట్టు అంజన్న గుడి దగ్గర కాసేపు నిలబడితే మనం ప్రయాణాలు ఎట్లా చేస్తామో తెలిసిపోతుంది. తెల్లవారకముందే బండ్లు వస్తాయి. స్నానం, లైన్, దర్శనం, కొబ్బరికాయ, ఒక ఫొటో. పొద్దు నడినెత్తికి రాకముందే బండి వేములవాడ దిక్కో ధర్మపురి దిక్కో తిరుగుతుంది. ఒక్క రోజులో మూడు క్షేత్రాలు చూసి రాత్రికి ఇల్లు చేరతాం. మొక్కు తీర్చుకోవడానికి ఈ పద్ధతి చాలు. అంజన్న ముందు నిమిషం నిలబడినా దర్శనం దర్శనమే. ఇదే పద్ధతిని సముద్రానికి తీసుకుపోయినప్పుడే చిక్కు వస్తుంది.

కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి వైజాగ్ టూర్ ఎట్లా సాగుతుందో మీకు తెలుసు. రాత్రి బండి ఎక్కుతారు. పొద్దున సింహాచలం, మధ్యాహ్నం కైలాసగిరి, సాయంత్రం ఆర్కే బీచ్‌లో గంట. మర్నాడు బొర్రా గుహలు, అరకు, ఆ రాత్రే తిరుగు ప్రయాణం. దాదాపు ఆరువందల కిలోమీటర్లు పోయినవాళ్లు సముద్రం ముందు గడిపేది ఆ ఒక్క గంట. అదీ నిద్రలేని ఒంటితో, చీకటి పడుతుండగా, ‘బండి బయల్దేరుతోంది’ అనే కేకల మధ్య. అప్పటికప్పుడు ప్యాంటు మడిచి నీళ్లలోకి ఉరుకుతారు.

ఈ అధ్యాయం ఆ గంటను మార్చుకోవడం గురించి. సముద్రం దగ్గర దిగడం కంటే చూడటం ముందు రావాలి. చూడటానికి తీరిక కావాలి. ఆ తీరిక ఇంటి దగ్గర టికెట్లు కొనేటప్పుడే పెట్టుకోవాలి.

మన ప్రాంతానికి సముద్రంతో బంధం లేదని చాలామంది అనుకుంటారు. ధర్మపురి దగ్గర మనం మునిగే గోదావరే అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ చివరా నరసింహస్వామే, ఆ చివరా నరసింహస్వామే. పెద్దపల్లి దగ్గరి ధూళికట్టలో బౌద్ధ స్తూపం, గోదావరి ఒడ్డున కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణేలు దొరికాయి. అదే శాతవాహనుల సీసపు నాణేలు విశాఖ తీరంలోని తొట్లకొండ మీద రోమన్ వెండి నాణేలతో పాటు బయటపడ్డాయి. మన వైపు నేలకూ ఆ ఒడ్డుకూ రెండువేల ఏళ్ల కిందటే రాకపోకలున్నాయి.

ఈ కాలంలో మన ఇళ్లలోకి సముద్రం వచ్చింది గల్ఫ్ దారిలో. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో ఎన్నో ఇళ్లకు సముద్రమంటే దుబాయ్, మస్కట్, బహ్రెయిన్ నుంచి వచ్చిన ఫొటోలో వెనకాల కనిపించే నీలం. కొడుకు దాని ఒడ్డున కట్టడాలు కట్టాడు, భవంతుల అద్దాలు తుడిచాడు, ఎండలో ఇటుకలు మోశాడు. శుక్రవారం సెలవునాడు దాని ముందు కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు. అట్లాంటి మనిషి తిరిగొచ్చాక భార్యాపిల్లలను తీసుకుని మన సముద్రానికి ఒకసారి పోవాలి. అతను చూసిన సముద్రం పని ఉన్న సముద్రం, ఎడబాటు ఉన్న సముద్రం. పక్కన పిల్లలున్న సముద్రాన్ని అతను చూడాల్సి ఉంది. ఈ అధ్యాయం రాస్తున్నంతసేపూ నా మనసులో ఉన్న పాఠకుడు అతనే.

ఎక్కడికి పోవాలంటే నా సలహా భీమిలి. విశాఖ నుంచి బీచ్ రోడ్డులో ఉత్తరంగా పాతిక కిలోమీటర్ల పైచిలుకు పోతే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఈ చిన్న పట్నం ఉంది. పూర్తి పేరు భీమునిపట్నం. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వర్తకస్థావరం పెట్టుకున్నారు. 1825లో అది ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1861లోనే ఇక్కడ మున్సిపాలిటీ ఏర్పడింది. అప్పట్లో ఓడలు ఆగిన రేవు ఇది. విశాఖ ఓడరేవు పెరిగాక వర్తకం అటు పోయింది, భీమిలి నెమ్మదించింది. ఆ నెమ్మదే మనకు కావాల్సింది. పాత పెంకుటిళ్లు, దీపస్తంభం, డచ్చి సమాధులు, పడవలు లాగి పెట్టిన ఒడ్డు, ఊరి వెనక పావురాళ్లకొండ, ఆ కొండమీద నరసింహస్వామి. పొద్దున ఆరింటికి బయటికొస్తే వీధి చివర సముద్రం కనిపిస్తుంది.

అలల మీద పలక ఎక్కి తిరిగే సర్ఫింగ్ కూడా ఈ తీరానికి చేరింది. విశాఖలో లాసన్స్ బే, రుషికొండ వైపు పొద్దున్నే పోతే బోర్డులు చంకన పెట్టుకున్న కుర్రాళ్లు కనిపిస్తారు. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి శుభ్రత, మరుగుదొడ్లు, భద్రత చూసి అంతర్జాతీయ సంస్థ ఇచ్చే గుర్తింపు అది. బస భీమిలిలో పెట్టుకుని ఆట కోసం రుషికొండకు వచ్చి పోవడం హాయిగా కుదురుతుంది. రెండూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి.

కొండగట్టు నుంచి వరంగల్ చేరుకుంటే అక్కణ్నుంచి విశాఖకు నేరుగా రైళ్లున్నాయి. రాత్రి రైలుకు గోదావరి ఎక్స్‌ప్రెస్, పగటి ప్రయాణానికి వందే భారత్. కనీసం రెండు రాత్రుళ్లు ఒకే గదిలో ఉండేలా చూసుకోండి, మూడైతే ఇంకా మంచిది. అరకు ఈసారికి వద్దు. అది మరో ప్రయాణం, అంతే సమయం దానికీ ఇవ్వాలి. జాబితాలోంచి అరకును కొట్టేయడమే ఈ అధ్యాయంలో అన్నిటికంటే కష్టమైన పని. బంధువులు ‘అంత దూరం పోయి అరకు చూడలేదా’ అంటారు. అననివ్వండి.

చేరిన రోజు సాయంత్రం నీళ్లలో దిగకండి. పిల్లలు ఏడ్చినా సరే. ఒడ్డున పొడి ఇసుకలో కూర్చోండి. అరగంట, ఫోన్ సంచిలో పెట్టి.

మొదటి ఐదు నిమిషాలు అలలన్నీ ఒకేలా కనిపిస్తాయి. తర్వాత తేడా తెలుస్తుంది. చిన్న అలలు కొన్ని వచ్చి, ఆ వెనక నాలుగైదు పెద్దవి వరసగా వస్తాయి. మళ్లీ కాసేపు సద్దుమణుగుతుంది. ప్రశాంతంగా ఉంది కదా అని ఆ సద్దుమణిగినప్పుడు దిగినవాళ్ల మీదికే పెద్ద వరస వస్తుంది. అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లు పడుతోందో లెక్కపెట్టండి. ఎడం ఎక్కువైతే ఆ అల దూరం నుంచి వస్తోందని, దాని వెనక బలం ఎక్కువని అర్థం. వానాకాలంలో మన తూర్పు తీరాన్ని తాకే పెద్ద అలల్లో కొన్ని వేల కిలోమీటర్ల దక్షిణాన, అంటార్కిటికా వైపు తుఫానుల్లో పుట్టినవే. మన దగ్గర ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉన్న రోజు కూడా అవి రాగలవు. అందుకే ఆకాశాన్ని చూసి సముద్రాన్ని అంచనా వేయకూడదు.

పక్కన వలలు బాగుచేసుకుంటూ జాలర్లు, వాడబలిజలు కనిపిస్తారు. ‘అన్నా, ఇయ్యాల సముద్రం ఎట్లుంది?’ అని అడగండి. వాళ్ల జవాబు మీకు అక్కడ దొరికే అన్నిటికంటే నమ్మకమైన సమాచారం. వలలు తొక్కకండి, అడగకుండా పడవ ఎక్కి ఫొటోలు దిగకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలల్లో పోతే ఒడ్డున పడవలు బారులు తీరి ఉంటాయి. వాళ్లకు అది చేతిలో పని తక్కువగా ఉండే కాలం. కాసేపు కూర్చుని మాట్లాడేవాళ్లు దొరుకుతారు.

ఇప్పుడు ఈ అధ్యాయంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్న మాట. మన వైపు ఈత అంటే బాయి ఈత. నడుముకు బెండ్లు కట్టుకుని మోటబాయిలో నేర్చుకున్నవాళ్లు, చెరువు ఈదినవాళ్లు, గోదావరి పాయలు దాటినవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది. ఆ ఈత నిజమైన ఈతే, ఆ ధైర్యం నిజమైన ధైర్యమే. అయినా విశాఖలోనూ, బాపట్ల దగ్గరి సూర్యలంకలోనూ, చీరాల వాడరేవులోనూ కొట్టుకుపోయే కుర్రాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉంటారు. తెలంగాణ నుంచి స్నేహితులతో వచ్చినవాళ్ల పేర్లు పేపర్లో చూసినప్పుడల్లా నా గుండె జారిపోతుంది. బాయిలో నీళ్లు నిలకడగా ఉంటాయి, ఏ వైపు చేయి చాపినా గట్టు దొరుకుతుంది. గోదావరిలో ప్రవాహం ఎటు పోతుందో ముందే తెలుసు. సముద్రంలో మిమ్మల్ని లాక్కుపోయే నీరు మీరు ఊహించని దిక్కుకు, ఒడ్డు నుంచి లోపలికి పోతుంది.

అది ఎట్లా జరుగుతుందో తెలుసుకుంటే భయం సగం తగ్గుతుంది, జాగ్రత్త రెండింతలు అవుతుంది. అలలు అదే పనిగా నీటిని ఒడ్డుకు తోస్తుంటాయి. ఆ నీరంతా తిరిగి పోవాలి కదా. అది ఒడ్డు పొడవునా సమానంగా పోదు. ఇసుక మేటల మధ్య ఎక్కడ లోతు దొరికితే అక్కడ పోగై, చెరువు నీళ్లు తూములోంచి దూకినట్టు, ఒక సన్నని దారిలో లోపలికి పరుగెత్తుతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అది బలంగా ఉంటే ఈతలో పతకాలు గెలిచినవాళ్లు కూడా ఎదురీదలేరు. చూడటానికి అది భయంకరంగా ఉండదు, అందుకే అంత ప్రమాదం. రెండు పక్కలా అలలు తెల్లగా విరిగిపడుతుంటే మధ్యలో ఒకచోట నీరు నున్నగా, కాస్త నల్లగా, అల విరగకుండా ఉంటుంది. ఇసుక కలిసిన మట్టిరంగు నీరో నురగో అక్కడ లోపలికి పోతూ కనిపిస్తుంది. తెలియనివాళ్లు పిల్లలకు అదే మంచి చోటని అనుకుని అక్కడే దించుతారు. నది సముద్రంలో కలిసే చోటు, రాళ్ల పక్కన ఉండే చోటు కూడా ఇట్లాంటివే. భీమిలిలో గోస్తనీ మొగ చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది. అక్కడ నీళ్లలో దిగకూడదు.

పొరపాటున అందులో పడితే చేయాల్సింది మన ఒంటికి తోచే పనికి పూర్తిగా విరుద్ధం. ఒంటికి ఒడ్డు వైపు ఈదాలనిపిస్తుంది. ఈదకండి. అలసిపోవడం వల్లే మనుషులు మునుగుతారు. రిప్ మిమ్మల్ని అడుగుకు లాగదు, దూరంగా తీసుకెళ్తుంది, అంతే. వెల్లకిలా తిరిగి తేలండి, ఊపిరి తీసుకోండి, ఒక చేయి పైకెత్తి ఊపండి. బలం ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదండి. ఆ దారి సన్నగానే ఉంటుంది, కొంత దూరం పక్కకు పోతే లాగుడు తగ్గుతుంది. అప్పుడు విరిగే అలలతో పాటు ఏటవాలుగా ఒడ్డుకు రండి. ఒడ్డున ఉన్నవాళ్లు వెనక దూకొద్దు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు, ముగ్గురు పోయిన కుటుంబాలున్నాయి. కొట్టుకుపోతున్న మనిషి మీద నుంచి చూపు తిప్పకుండా వేలితో చూపిస్తూ లైఫ్‌గార్డును పిలవండి. తేలే వస్తువు ఏదైనా, ఖాళీ నీళ్ల డబ్బా, బంతి, ట్యూబు, అతని వైపు విసరండి. 112కి ఫోన్ చేయండి. కోస్ట్‌గార్డ్ నంబర్ 1554.

అంజన్న భక్తులకు ఈ సంగతి చెప్పడానికి నేను కిష్కింధాకాండ చివరి ఘట్టాన్ని గుర్తు చేస్తుంటాను. వానరులంతా దక్షిణ సముద్రం ఒడ్డున దిగాలుగా కూర్చున్నారు. ఎవరు ఎంత దూరం దూకగలరో చెప్పమని అంగదుడు అడిగాడు. గజుడు పది యోజనాలన్నాడు, గవాక్షుడు ఇరవై అన్నాడు. ఒక్కొక్కరూ తమ కొలత తాము నిజాయితీగా చెప్పారు. జాంబవంతుడు ముసలితనం వల్ల తొంభై దాటలేనన్నాడు. యువరాజు అంగదుడు నూరు యోజనాలూ దూకగలను, తిరిగి రాగలనో లేదో అనుమానమే అన్నాడు. అంతటి వీరుడు అందరి ముందూ ఆ మాట ఒప్పుకున్నాడు. ఇంతమంది ఇంత మాట్లాడుకున్న తర్వాతే హనుమంతుడు మహేంద్రగిరి ఎక్కాడు. మాల వేసుకుని కొండగట్టుకు వచ్చే మన కుర్రాళ్లు లంఘనాన్ని గుర్తు పెట్టుకున్నంత గట్టిగా ఆ ఒడ్డు మీది సభను గుర్తు పెట్టుకోవాలి. స్నేహితుల గుంపులో ‘నాకు నడుము లోతు దాకే’ అని మొదట అనగలిగినవాడు మిగతావాళ్లకు కూడా ఆ మాట అనే వీలు ఇస్తాడు.

సముద్రం సంగతి చెప్పే పెద్ద కార్యాలయం మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఉంది. పేరు ఇన్‌కాయిస్, భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో మొదలైంది. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత దేశానికి సునామీ హెచ్చరికల కేంద్రం కూడా 2007లో అక్కడే పెట్టారు. అలల ఎత్తు, ఉప్పెన అలల హెచ్చరికలు, మత్స్యకారులకు సూచనలు అన్నీ అక్కణ్నుంచే తీరమంతటికీ వెళ్తాయి. ఒక్క చుక్క ఉప్పునీరు లేని ఊళ్లో కూర్చుని వాళ్లు దేశం చుట్టూ ఉన్న సముద్రాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. బయల్దేరే ముందు రోజు, అక్కడ ప్రతి పొద్దునా, వాళ్ల వెబ్‌సైట్‌లో విశాఖ తీరం హెచ్చరిక ఉందేమో చూడండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో తుఫానులు వచ్చే కాలం. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబర్ 12న. కొత్తవాళ్లకు, పిల్లలున్నవాళ్లకు సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. ఎండ తక్కువ, అలలు కాస్త నెమ్మది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్ల తేడా పెద్దది. ఆ లెక్క మీ ఇంట్లో పంచాంగంలోనే దొరుకుతుంది.

రెండో రోజు పొద్దున సర్ఫింగ్ పాఠానికి పొండి. నలభై ఏళ్లు దాటినవాళ్లను కూడా నేను అడుగుతున్నాను. ఇది హవాయి దీవుల పాత ఆట. 2021లో జరిగిన టోక్యో క్రీడలతో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. మన దేశంలో కర్ణాటకలోని ముల్కి దగ్గర ఒక ఆశ్రమంలో 2004 ప్రాంతంలో వేళ్లూనింది. చెన్నై దగ్గర కోవలం మత్స్యకారుల పిల్లలు దాన్ని తమది చేసుకున్నారు. జీవితమంతా అలల మీదే గడిపిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు ఇప్పుడు దేశం తరఫున పోటీలకు వెళ్తున్నారు.

మొదటి పాఠం ఇసుక మీదే జరుగుతుంది. బోర్డు మీద బోర్లా పడుకోవడం, రెండు చేతులతో నీళ్లు తోయడం, ఛాతీ పక్కన అరచేతులు ఆనించి ఒక్క ఊపులో లేవడం, పాదాలు అడ్డంగా పెట్టి మోకాళ్లు వంచి నిలబడటం. చూపు ముందుకే ఉండాలి. కాళ్ల వైపు చూస్తే మనిషి అటే పడతాడు. తర్వాత నడుము లోతు నీళ్లకు తీసుకెళ్తారు. కొత్తవాళ్లకు విరిగిన తర్వాత తెల్లని నురగతో ఒడ్డుకొచ్చే అలలు చాలు. విరగబోయే పచ్చని అల జోలికి పోవద్దు. మెత్తని ఫోమ్ బోర్డు, ఎనిమిది తొమ్మిది అడుగులది అడగండి. పొడవైన బోర్డు నిలకడగా ఉంటుంది, మెత్తనిది తగిలినా పెద్ద గాయం కాదు. కాలికి కట్టే తాడు గట్టిగా ఉందో లేదో స్వయంగా చూసుకోండి. మీకూ వచ్చే అలకూ మధ్య బోర్డును ఎప్పుడూ అడ్డంగా ఉంచొద్దు, అల దాన్ని ఎత్తి మీ ముఖం మీద కొడుతుంది. పడేటప్పుడు తల ముందు పెట్టి దూకొద్దు, వీపు మీదో పిరుదుల మీదో అడ్డంగా పడాలి. పైకి తేలేటప్పుడు రెండు చేతులతో తల కప్పుకోవాలి, బోర్డు ఎటు నుంచి వస్తుందో తెలియదు.

ఈ పాఠం వ్యక్తిత్వ వికాస పుస్తకంలో ఎందుకుందంటే, మన వైపు మగవాళ్లు, ముఖ్యంగా ఊళ్లో పేరున్నవాళ్లు, పెళ్లయ్యాక కొత్త పని నేర్చుకోవడం మానేస్తారు. నలుగురి ముందు చేతకానివాళ్లుగా కనిపించడం వాళ్లకు భరించరాని విషయం. హెడ్మాస్టరుకు, ఎమ్మార్వోకు, సర్పంచుకు తప్పు చేసే చోటు ఎక్కడా మిగలదు. అల మీద అందరూ పడతారు. ఇరవై ఏళ్ల కుర్రాడు ‘సార్, మోకాళ్లు వంచండి’ అని గదమాయిస్తాడు, వంచాలి. మీరు పడి, ముక్కులో ఉప్పునీళ్లు పోయి, మళ్లీ బోర్డు ఎక్కడం మీ కొడుకు ఒడ్డున నిలబడి చూస్తాడు. లెక్కల్లో తప్పుతానేమోనని భయపడే పిల్లవాడికి ఆ దృశ్యం చేసే మేలు ఏ ఉపన్యాసమూ చేయదు. మీరు బోర్డు మీద నిలబడ్డారా లేదా అన్నది ముఖ్యం కాదు. చాలామంది మొదటి రోజు రెండు మూడు క్షణాలే నిలబడతారు, అదే చాలా సంతోషంగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లేవాల్సిన పనే లేదు. బోర్లా పడుకుని నురగ అల మీద ఒడ్డుకు జారి రావచ్చు. గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, తాగినవాళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ నీళ్లలోకి పోకూడదు.

ఆడవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన కుటుంబాల్లో ఆడవాళ్లు సముద్రం దగ్గర చెప్పులు, సంచులు, ఫోన్లు కాపలా కాస్తూ ఒడ్డున ఉండిపోతారు. లేదా చీరకుచ్చెళ్లు పట్టుకుని మోకాళ్ల దాకా దిగుతారు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే చిన్న అల కూడా పడేస్తుంది. తడిసిన జీన్స్, లుంగీలదీ అదే సంగతి. సర్ఫింగ్ చేసేవాళ్లు మెడ నుంచి మణికట్టు దాకా ఒంటిని పట్టి ఉండే సాగే బట్ట చొక్కా వేసుకుంటారు, ఎండకూ బోర్డు రాపిడికీ రక్షణ. దానికింద కాళ్ల నిండా లెగ్గింగ్ వేసుకుంటే ఒళ్లంతా కప్పినట్టే ఉంటుంది, కదలడానికి హాయి. ఈ జత ఇంటి దగ్గరే కొని పెట్టుకోండి. సంచుల కాపలా మగవాళ్లు వంతు వేసుకోవాలి.

ఎండ తూర్పు తీరంలో పొద్దున్నే మొదలవుతుంది. సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. ఆరు నుంచి తొమ్మిది దాకా నీళ్లలో, ఆపైన నీడలో గడపండి. పది నుంచి నాలుగు దాకా గదిలో పడుకోవడం సోమరితనం కాదు, అక్కడి జాలరి కూడా అంతే చేస్తాడు.

నాలుగు తర్వాత పొడినేల మీద చూడదగినవి ఉన్నాయి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు నా దృష్టిలో ఈ తీరం మొత్తంలో గొప్ప చోటు. వేల ఏళ్లుగా గాలి, వాన, సముద్రమట్టం ఎగుడుదిగుళ్లు కలిసి పోసిన, కోసిన ఎర్ర ఇసుక లోయలు అవి. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి చేరాయి. పిల్లలను వాటి మీద జారనివ్వొద్దు, ఆ గోడలు పిల్లల కాళ్లకు కూడా రాలిపోతాయి. తొట్లకొండ సముద్రానికి 128 మీటర్ల ఎత్తున ఉంది. 1970ల్లో నౌకాదళం సర్వేలో బయటపడింది, 1988 నుంచి తవ్వారు. బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. ధూళికట్ట చూడనివాళ్లు ఇది చూసి ఇంటికొచ్చాక అదీ చూడండి. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి పిల్లలకు బాగా నచ్చుతుంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రమించింది, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. తొంభై మీటర్ల ఇనుప గొట్టంలో అన్ని రోజులు మనుషులు ఎట్లా బతికారో లోపలికి పోతేనే తెలుస్తుంది. డచ్చి సమాధులకు పది నిమిషాలు చాలు.

తిండి విషయంలో మన నాలుకకు కొర్రమట్ట, రవ్వ రుచి అలవాటు. వంజరం ముక్క వేపుడుతో మొదలుపెట్టండి, ముళ్లు తక్కువ. రొయ్యలు ఎప్పుడూ తినని పిల్లలకు మొదటిసారి కొంచెమే పెట్టి చూడండి, కొందరికి పడవు. బీచ్‌లో ముంత మసాలా తిన్నాక కాగితం సంచిలో వేసుకోండి. కొండగట్టు మెట్ల మీద కవర్లు చూసి మనకు ఎంత బాధ కలుగుతుందో ఆ ఊరివాళ్లకూ అంతే కలుగుతుంది.

ఇప్పుడు మీరు చేయవలసిన పనులు. ఈ ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, తేలడం నేర్పించండి. ఈదడం తర్వాత సంగతి, వెల్లకిలా ఐదు నిమిషాలు తేలగలిగితే చాలు. సంక్రాంతి తర్వాతి వారాలకు భీమిలిలో మూడు రాత్రుళ్లు గది చూసుకోండి. గల్ఫ్ నుంచి వచ్చిన తమ్ముడో బావో ఉంటే అతన్నీ, అతని ఇంటివాళ్లనీ తప్పక తీసుకెళ్లండి. ఒడ్డున ఎరుపు, పసుపు రంగుల జెండాలుంటే వాటి మధ్యే దిగండి. ఒంటి ఎర్రజెండా ఎగురుతుంటే ఆ రోజు ఎవరూ దిగొద్దు. ఆరువందల కిలోమీటర్లు వచ్చామని వాదించే బంధువునూ దిగనివ్వొద్దు.